రాజకీయోపన్యాసములలో సూక్తికర్తృత్వ భ్రమములు

సభలలో నుపన్యసించువారు తమ మాటకు బలముగా పూర్వుల వాక్యముల నుదాహరించుట యన్ని దేశములందును గల యాచారము. మన పౌరాణికులు వ్యాసవాల్మీకులను, శాస్త్రచర్చ చేయువారు సూత్రకార భాష్యకారులను పేర్కొనుచుండిరి. నేఁటి రాజకీయవక్తలు గాంధీని, లింకనును, వోల్టేరును, కృష్ణదేవరాయలను పేర్కొనుచున్నారు. ఆచార మొక్కటియే యైనను నొక ముఖ్యభేదము కలదు. శాస్త్రసభలో వాక్యము నుదాహరించినవానిని, అది యే గ్రంథమున నే స్థలమున నున్నదని ప్రతివాది యడుగును. ఆకరము చూపలేనివాఁడు వాదమున నోడును. రాజకీయసభలో నట్లడుగు ప్రతివాది లేఁడు. కరతాళధ్వనులతో వాక్యము స్థిరపడును. మఱునాఁడది పత్రికలలో నచ్చగును. మఱికొన్ని నాళ్లకు పాఠశాల గోడమీఁది కెక్కును. అటనుండి విద్యార్థుల వ్యాసములలోనికి దిగును.

శబ్దము ప్రమాణ మగుటకు దానిని పలికినవాఁ డాప్తుఁడై యుండవలెనని నైయాయికుల మతము. ఉపన్యాసమున సూక్తికి ముందు చెప్పఁబడు పేరును ఈ దృష్టితో చూడవలెను. అది వాక్యమున కలంకారము కాదు. హేతువుండవలసిన చోట నిలిచిన ప్రమాణము. ఈ పని యేల మంచిదో కారణములు చెప్పుటకు మాఱుగా, గాంధీమహాత్ముఁ డిట్లు చెప్పినాఁడని వక్త పలికినచో శ్రోత విచారణ మానును. కాఁబట్టి పేరు తప్పైనచో చెడినది యలంకారము కాదు, ప్రమాణమే.

ఈ భ్రమములను వక్తల మతిమఱపుగా నెంచి నవ్వి విడుచుట వాడుక. కాని ప్రసిద్ధములైన కొన్నింటిని మూలములతో పోల్చి చూచినచో, ఒకని వాక్యము మఱొకనికి చెందుట కేవలము యాదృచ్ఛికము కాదనియు, అందులకు నియతములైన మార్గములు కలవనియు తెలియును. వ్రాతప్రతులలో ప్రక్షిప్తములు చేరు తెఱఁగు నెఱిఁగిన పండితులకు ఆ మార్గములు క్రొత్తవి కావు.

మొదటి మార్గము సామీప్యమువలన కలుగు భ్రమ. 1979 మే 4వ తేదీని మార్గరెట్ థాచర్ బ్రిటిషు ప్రధానమంత్రి పదవిని స్వీకరించి, డౌనింగు వీథిలోని అధికారగృహపు వాకిట నిలిచి, అస్సీసీ నగరవాసియగు సెయింట్ ఫ్రాన్సిస్ పలుకులను స్మరించుచున్నానని చెప్పి, కలహమును మాన్పి సామరస్యమును కూర్పఁగోరు నొక ప్రార్థనలోని మాటలను వినిపించెను. ఫ్రాన్సిస్ 1226లో మృతినొందెను. ఆ ప్రార్థన యన్ననో 1912 డిసెంబరున పారిసు నగరమున వెలువడు "లా క్లోషెట్" అను చిన్న మతపత్రికలో, ఫ్రెంచి భాషలో, కర్త పేరు లేకుండ మొదటిసారి యచ్చయ్యెను. అంతకు పూర్వము దాని జాడ కానరాదు. 1918 ప్రాంతమున ఫ్రాన్సిస్కను సంప్రదాయమునకు చెందిన యొక సన్న్యాసి దానిని చిన్న చీటిమీఁద నచ్చువేయించెను. చీటి కొకవైపున సెయింట్ ఫ్రాన్సిస్ చిత్రము, రెండవవైపున ప్రార్థన. ఇది యాతని రచనయని యందు వ్రాసియుండలేదు. చీటిని త్రిప్పి చూచిన భక్తులు చిత్రమునకును వాక్యమునకును సంబంధమును తామే కల్పించుకొనిరి. పదేండ్లు నిండకమున్నే అది ఫ్రాన్సిస్ ప్రార్థనయను ప్రకటన యచ్చులో కనఁబడెను. ఆ మహనీయుని రచనల పరిష్కృత సంపుటములలో దీనికి నేఁటికిని చోటు లేదు.

ఇట్టిదే మఱొక చీటి కథ అమెరికాలో జరిగినది. 1992 ఆగస్టు 17వ తేదీని హూస్టను నగరమున జరిగిన రిపబ్లికను పక్షపు మహాసభలో, మాజీ అధ్యక్షుఁడు రొనాల్డ్ రీగన్, బలవంతుని క్రుంగఁదీసినంత మాత్రమున బలహీనునికి బలము చేకూరదను నర్థము గల సూత్రములను ఏబ్రహాం లింకను వాక్యములుగా నుదాహరించెను. అవి విలియం బోయెట్కర్ అను క్రైస్తవబోధకుఁడు 1916లో ప్రకటించినవి. అప్పటికి లింకను మరణించి యర్ధశతాబ్ది దాఁటినది. 1942లో నొక రాజకీయసంఘమువారు లింకను పేరు శీర్షికగా నొక కరపత్రము నచ్చొత్తించిరి. ఒకవైపున లింకనుని వాక్యము, రెండవవైపున బోయెట్కరు సూత్రములు నుండెను. తరువాతి ముద్రణములలో బోయెట్కరు పేరు జాఱిపోయెను. శీర్షికలో నున్న పేరొక్కటియే రెండు పుటలకును కర్తృత్వము వహించెను. తాళపత్రపు కట్టలో ప్రసిద్ధకవి కావ్యము వెంట గద్యలేని చిన్నకృతి యొకటి యున్నచో, తరువాతి లేఖకుఁడు రెండింటిని నొక్కనికే కట్టుట మన గ్రంథచరిత్రలోను జరిగినదే. థాచరును రీగనును చేసిన తప్పు తామై కల్పించినది కాదు. లేఖకుని తప్పును తమ యధికారముతో స్థిరపఱచిరి.

రెండవ మార్గమున భావసంగ్రహము వాక్యముగా మాఱును. వాక్స్వాతంత్ర్యము చర్చకు వచ్చినప్పుడెల్ల, నీ యభిప్రాయముతో నే నేకీభవింపను గాని దానిని చెప్పుకొను నీ హక్కుకై ప్రాణమైన నొడ్డెదనని వోల్టేర్ చెప్పినట్లుగా వక్తలు పలుకుదురు. వోల్టేర్ 1778లో మరణించెను. ఆ వాక్యము 1906లో ఎవెలిన్ బియాట్రిస్ హాల్ అను నాంగ్లరచయిత్రి, ఎస్. జి. టాలెన్‌టైర్ అను మాఱుపేరుతో ప్రకటించిన "వోల్టేర్ మిత్రులు" అను గ్రంథములోనిది. హెల్వెషియస్ అను తత్త్వవేత్త గ్రంథమును ప్రభుత్వము దహింపించినపుడు వోల్టేర్ మనోభావ మెట్టిదో చెప్పుచు నామె దానిని వ్రాసెను; వ్రాసి, యుద్ధరణచిహ్నముల నడుమ నుంచెను. అవి వోల్టేర్ పలుకులని చెప్పుట తన యుద్దేశము కాదని 1939లో నొక లేఖలో నామెయే వివరించెను. అప్పటికి చిహ్నముల పని ముగిసినది. రెండు చిన్న గీఁతలు ఒక రచయిత్రి వాక్యమును నూటయిరువది యెనిమిదేండ్ల క్రిందట మరణించినవాని నోట పెట్టినవి.

1961 మే 17వ తేదీని కెనడా పార్లమెంటులో నుపన్యసించుచు అమెరికా యధ్యక్షుఁడు జాన్ ఎఫ్. కెనెడీ, సజ్జనులు చేతులు ముడుచుకొని కూర్చుండుటయే చెడుగు గెలుపునకు చాలునను వాక్యమును ఎడ్మండ్ బర్కునకు చెందించెను. బర్కు రచనలలో నా వాక్యము లేదు. 1770లో ఆతఁడు ప్రకటించిన రాజకీయ నిబంధమున, దుర్జనులు కూడినపుడు సజ్జనులు సంఘటితులు కావలెనను భావము కలదు. ఆ భావమునకును ప్రసిద్ధవాక్యమునకును భేదము స్వల్పముగా తోఁచినను స్వల్పము కాదు. బర్కు చెప్పినది సంఘముగా నేర్పడుటను గూర్చి, అనఁగా రాజకీయపక్షముల యావశ్యకతను గూర్చి. ప్రసిద్ధవాక్యము చెప్పునది యొక్కొక్క వ్యక్తి యుదాసీనతను గూర్చి. ఈ రెండవ భావమునకు దగ్గఱగా నున్న మాట జాన్ స్టూఅర్ట్ మిల్ 1867లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున చేసిన ప్రసంగమున నున్నది. లోకము మిల్లు భావమును గైకొని బర్కు పేరును తగిలించినది.

గాంధీ విషయమున నీ మార్గము మిక్కిలి విశాలమైనది. లోకమున నీవు కోరు మార్పు నీవే కావలెనను నాంగ్లవాక్యమును దేశదేశముల నాయకులాతని పేర చెప్పుచున్నారు. నూఱు సంపుటములుగా ప్రకటింపఁబడిన యాతని సమగ్రరచనలలో నా వాక్యము లేదు. 1913లో దక్షిణాఫ్రికాలోని "ఇండియన్ ఒపీనియన్" పత్రికలో, ఆరోగ్యమును గూర్చిన వ్యాసపరంపరలో పాముకాటును వివరించుచు, మనము మాఱినచో లోకపు పోకడలును మాఱునను తాత్పర్యముతో నాతఁడు వ్రాసినది కలదు. అది యాత్మసంస్కారమువలన భూతములన్నింటితోడను మైత్రి కుదురుటను గూర్చిన విచారము. దాని నుండి ప్రకటనఫలకమునకు తగిన చిన్నవాక్యము తరువాతి కాలమున పుట్టినది. ఇంతకంటె విచిత్రమైనది మఱొకటి. మొదట లక్ష్యపెట్టరు, పిదప నవ్వుదురు, అటుపిమ్మట పోరుదురు, తుదకు నీవు గెలుతువను వాక్యమును 2016లో అమెరికా యెన్నికల ప్రచారమున డోనాల్డ్ ట్రంప్ గాంధీ పేర ప్రకటించెను. గాంధీ రచనలలో నిదియు లేదు. దీనికి సమీపమైన క్రమము 1918లో బాల్టిమోరు నగరమున దుస్తులు కుట్టు కార్మికుల సంఘసభలో నికొలస్ క్లైన్ అను న్యాయవాది చేసిన ప్రసంగమున నున్నది. క్లైను మాటలలో తుదిఘట్టము విజయము కాదు. విరోధులే నీకు స్మారకచిహ్నములు కట్టుదురని యాతఁడు చెప్పెను. కార్మికసభలో పుట్టినది మహాత్ముని పేర తిరిగి, కోటీశ్వరుఁడైన యభ్యర్థి ప్రచారమునకు తోడ్పడినది.

సంగ్రహము కొన్నిచోట్ల మూలమునకు విరుద్ధార్థమునే తెచ్చిపెట్టును. 1963 జూను 24వ తేదీని జర్మనీలోని బాన్ నగరమున కెనెడీ, నైతికసంకటకాలమున తటస్థులుగా నుండువారికై నరకమున నత్యుష్ణస్థానము లేర్పఱుపఁబడియున్నవని డాంటే చెప్పినట్లు పలికెను. ఆతఁడీ మాటను అంతకుముందును పలుమాఱులు చెప్పియున్నాఁడు. డాంటే మహాకావ్యపు నరకఖండమును చదివినవారి కిది వింతగా నుండును. అందు మూఁడవ సర్గమున తటస్థులు కనఁబడుదురు. కాని వారు నరకములోపల లేరు. స్వర్గము వారిని త్రోసివేసినది. నరకమును వారిని చేర్చుకొనలేదు. ద్వారము దాఁటి, నదికి ఈవలి గట్టున, కందిరీఁగలు కుట్టుచుండఁగా నొక ధ్వజము వెంట పరుగెత్తుటయే వారి శిక్ష. ఇఁక నరకపు అట్టడుగుభాగమా, అది యగ్నిమయము కాదు, గడ్డకట్టిన మంచు. అందున్నవారు తటస్థులు కారు, విశ్వాసఘాతుకులు. పాపములలోకెల్ల ఘోరము ద్రోహమనియు, ప్రేమరాహిత్యమునకు తగిన దండన శైత్యమనియు ఆ కవి భావన. తటస్థుఁడు దండనకైనను నర్హుఁడు కాఁడనుటలో నున్న తిరస్కారము మిక్కిలి సూక్ష్మమైనది. 1915లో థియొడొర్ రూజ్వెల్టు, డాంటే తటస్థులకు నరకమున ప్రత్యేకమైన నీచస్థానము నొసఁగెనని వ్రాసెను. అంతవఱకు మూలమునకు సమీపమే. తరువాత నోటనోట నది "అత్యుష్ణస్థాన" మయ్యెను. నరకమనఁగానే నిప్పు జ్ఞప్తికి వచ్చు శ్రోతల యలవాటునకు తగినట్లు కావ్యము దిద్దఁబడినది. ఇట పోయినది పేరు కాదు, కవి మనస్సు.

మూఁడవ మార్గము పండితులు విశేషముగా గమనింపఁదగినది. కావ్యములోని పాత్ర పలికిన మాటను కవి సొంతమాటగా నెంచుట యిది. ఆలంకారికులు కవిప్రౌఢోక్తిని, కవినిబద్ధవక్తృప్రౌఢోక్తిని వేఱుచేసి చెప్పినారు. మమ్మటుఁడు ధ్వనిభేదములను గణించుచు నీ వివేకమును పాటించెను. రాజకీయసభలలో నీ భేదము తఱచు మఱుగుపడుచున్నది.

1963 జూను 28వ తేదీని డబ్లిను నగరమున ఐర్లండు పార్లమెంటు నుభయసభల యెదుట కెనెడీ, ఎన్నఁడును లేనివానిని స్వప్నించి "ఏల కాకూడదు?" అని యడుగు స్వభావమును ప్రశంసించు బెర్నార్డ్ షా వాక్యము నుదాహరించెను. ఇట కర్త పేరు సరియైనదే. అది 1921లో ప్రకటింపఁబడిన "బ్యాక్ టు మెథూసెలా" నాటకములోనిది. కాని నాటకమున నా మాట పలుకునది సర్పము. వినునది ఆదిస్త్రీయైన ఈవ్. ప్రలోభనముగా పలుకఁబడిన మాట జాతిస్వభావప్రశంస యైనది. కథ యంతటితో నాగలేదు. అధ్యక్షుని తమ్ముఁడు రాబర్ట్ కెనెడీ 1968 యెన్నికల ప్రచారమున షా పేరు చెప్పుచు నా వాక్యమునే తన యుపన్యాసముల ముగింపుగా వాడుకొనెను. ఆయన హత్యకు గుఱియైన పిమ్మట, జూను 8వ తేదీని న్యూయార్కులోని సెయింట్ ప్యాట్రిక్ దేవాలయమున కడపటి తమ్ముఁడు ఎడ్వర్డ్ కెనెడీ శ్రద్ధాంజలి ఘటించుచు, అన్న పలుచోట్ల పలికిన మాటయని చెప్పి దానినే ముగింపుగా చదివెను. నాఁటినుండి యనేకులు దానిని రాబర్ట్ కెనెడీ సూక్తిగా నెఱుఁగుదురు. సర్పము మాట షాకును, షా మాట కెనెడీకిని చెందినది. ఉదాహరించినవాఁడే కర్తయగుట కిది స్పష్టమైన నిదర్శనము.

మన భాషలో దీనికి సమానమైన యుదాహరణము కలదు. తెలుఁగు భాషాదినోత్సవమున, ఆగస్టు 29వ తేదీని, దేశభాషలలో తెలుఁగే మేలైనదని శ్రీకృష్ణదేవరాయలు చాటినాఁడని వేదికలనుండి వినవచ్చును. ఆముక్తమాల్యదలో నా మాట కలదు. కాని పలుకువాఁడు రాయలు కాఁడు. స్వప్నమున సాక్షాత్కరించిన శ్రీకాకుళాంధ్రవిష్ణువు. తన కథను తెలుఁగున రచింపుమని యాజ్ఞాపించుచు దేవుఁడు చెప్పు కారణములలో నిది యొకటి. చక్రవర్తి తన యభిమానమును తాను ప్రకటించుకొనక దేవుని నోట పలికించుటలోనే కవిత్వమున్నది. మఱియు నీ భావము రాయలతో పుట్టినది కాదు. అంతకు పూర్వమే, వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై శ్రీనాథునిదని కొందఱు పండితులు వాదించిన క్రీడాభిరామమున కానవచ్చుచున్నది. రాయల గౌరవమున కిందుచే కొఱఁత లేదు. పూర్వకవి వాక్యము నెఱిఁగి, దానిని దైవవాణిగా నిలిపిన రసజ్ఞత యాతనిది.

లోకమంతయు నొక్క కుటుంబమను సంస్కృతసూక్తియు నిట్టిదే. భారత పార్లమెంటు పాతభవనపు ప్రవేశమందిరమున నది చెక్కఁబడియున్నది. 2023లో జి-20 దేశముల సమావేశములకు భారతదేశ మధ్యక్షత వహించినపుడు ముద్రావాక్యముగా నిలిచినది. దానిని వేదసంహితలలోని మంత్రముగా చెప్పు వక్తలును కలరు. అది మహోపనిషత్తున నున్నది. పంచతంత్రమునను, హితోపదేశమునను కూడ నున్నది. హితోపదేశమున దానిని పలుకునది లేడిని వంచించి భక్షింపఁదలఁచిన నక్క. క్రొత్తవానిని నమ్మరాదని కాకి హెచ్చరింపఁగా, నక్క యీ శ్లోకముతో దాని నోరు మూయించును. ఉపనిషత్తులో ఉదారచరితుని లక్షణముగా నున్న మాట నీతికథలో వంచకుని సాధనమైనది. సూక్తి యొక్కటియే, పలుకువానిని బట్టి ఫలము మాఱును. ఉదాత్తవాక్యములను పలుకు ప్రతివానిని నమ్మరాదను హెచ్చరిక యా కథలోనే యున్నది.

నాలవది కేవల కల్పన. ఇందులకు మెకాలే పేర తిరుగుచున్న ప్రసంగము ప్రధానోదాహరణము. భారతదేశమునందంతటను సంచరించితిననియు, ఒక్క బిచ్చగానిని గాని దొంగను గాని చూడలేదనియు, ఈ జాతి వెన్నెముకయైన సంస్కృతిని విఱిచిననే గాని జయింపలేమనియు, అందులకై విద్యావిధానమును మార్పవలెననియు ఆతఁడు 1835 ఫిబ్రవరి 2వ తేదీని బ్రిటిషు పార్లమెంటులో పలికినట్లుగా మన దేశమున పలువురు నాయకులు పలుమాఱులు చెప్పినారు. తెలుఁగుదేశపు వేదికలమీఁదను నిది వినఁబడుచుండును.

ఈ వాక్యమును కాలదేశములతో పరీక్షింతము. మెకాలే 1834లో పార్లమెంటు సభ్యత్వమును వదలుకొని, జూనులో చెన్నపట్టణమున దిగెను. అటనుండి ఉదకమండలమునకు పోయి గవర్నరు జనరలు బెంటింకును కలిసికొని, సెప్టెంబరునాఁటికి కలకత్తా చేరెను. 1838 జనవరి వఱకు హిందూదేశముననే యుండెను. కాఁబట్టి 1835 ఫిబ్రవరి 2వ తేదీని లండనులో నుపన్యసించుట యాతనికి సాధ్యము కాదు. అంతియే కాదు, ఆ నాఁడు బ్రిటిషు పార్లమెంటే సమావేశమై యుండలేదు. పాత పార్లమెంటు 1834 డిసెంబరు తుదిని రద్దయినది. క్రొత్తది 1835 ఫిబ్రవరి 19వ తేదీని కూడినది. ఇఁక నా తేదీ యెచటనుండి వచ్చినది? విద్యావిషయమున మెకాలే కలకత్తాలో గవర్నరు జనరలు సభకు సమర్పించిన ప్రసిద్ధమైన మినిటు తేదీ యది. నిజమైన పత్రము తేదీని కల్పితవాక్యమునకు తొడిగినారు.

అంతరంగసాక్ష్యము మఱింత బలవత్తరము. ఆ మినిటులో మెకాలే, తనకు సంస్కృతము గాని అరబ్బీ గాని రాదని యొప్పుకొనుచునే, ఐరోపా గ్రంథాలయములోని యొక్క అఱ హిందూ అరబ్బీ వాఙ్మయమున కంతటికిని సాటి యను నర్థము వచ్చునట్లు వ్రాసెను. భారతసంస్కృతి మహోన్నతము గనుక దానిని విఱువవలెనని చెప్పినవాఁడును, అందు చదువఁదగినదేమియు లేదు గనుక నాంగ్లము నేర్పవలెనని చెప్పినవాఁడును నొక్కఁడే కానేరఁడు. కల్పితప్రసంగమున నున్నది మెకాలే మనస్సు కాదు. మెకాలేను ద్వేషించువాని మనస్సు. ఇట గొప్ప నష్టమొకటి కలదు. మెకాలే మినిటు దేశభాషలకును ప్రాచీనవిద్యకును చేసిన యపకారమును విమర్శింపఁదలఁచినవారికి నిజపత్రమే చాలును. ఆతని తిరస్కార మందు నిస్సంకోచముగా నున్నది. దానిని విడిచి కల్పితమును పట్టుకొన్నవాఁడు, ప్రతిపక్షి యా కల్పితమును బయటపెట్టిన నాఁడు, తన న్యాయమైన వాదమును కూడ కోల్పోవును. కూటసాక్ష్యము సత్యవాదికే యెక్కువ చెఱుపు.

వాక్యము మంచిదైనచో కర్త యెవఁడైన నేమి యని కొందఱాక్షేపింపవచ్చును. అట్లైనచో పేరు లేకుండనే చెప్పవచ్చును. వక్త యట్లు చేయక మహాపురుషుని పేరు చేర్చుటయే, వాక్యము తనంతట తాను నిలువఁజాలదని యాతనికి శంక గలదని చాటుచున్నది. బోయెట్కరు మాటగా చెప్పినచో హూస్టను సభలో నెవరును చప్పట్లు కొట్టకపోవచ్చును. లింకను మాట యనుటచే కొట్టిరి. పేరు పని చేసినదన్నమాట. పని చేసిన పేరు నిజమైనదై యుండవలెను గదా.

అట్లని యెల్లభ్రమములను నొక్కతీరుగా నెంచుటయు న్యాయము కాదు. నైతికలోకపు గమనము దీర్ఘమైనను నది న్యాయమువైపునకే వంగునను భావము 1853లో థియొడొర్ పార్కర్ అను నమెరికను మతాచార్యుఁడు ప్రకటించినది. మార్టిన్ లూథర్ కింగ్ దానిని సంగ్రహించి జనుల నోట నిలిపెను. 1958లో వ్రాసిన వ్యాసమున నుద్ధరణచిహ్నములలో నుంచి యది తన సొంతము కాదని సూచించెను కూడ. 2010లో అధ్యక్షుఁడు ఒబామా కార్యాలయపు తివాచీమీఁద నది కింగు పేరనే నేయఁబడినది. ఇట కింగు పేరు పూర్తిగా తప్పు కాదు. పార్కరు పేరు లేకపోవుటయే కొఱఁత. అట్లే, భూమి యందఱి యక్కఱలకు చాలును గాని దురాశకు చాలదను గాంధీవాక్యము ఆయన వ్రాఁతలలోనిది కాదు. కార్యదర్శి ప్యారేలాల్ తన గ్రంథమున గాంధీ పలికినదిగా తెలిపినది. సమీపవర్తి సాక్ష్యము గనుక గ్రాహ్యమే. కాని "ప్యారేలాల్ చెప్పినట్లు" అను మాట చేర్చుట ఋజుత్వము.

పరీక్షించు పద్ధతి కష్టసాధ్యము కాదు. వాక్యము పలికినట్లు చెప్పఁబడినవాని జీవితకాలమునను, భాషలోను అది దొరకుచున్నదా? గ్రంథస్థలమును చూపుచున్నారా, పేరు మాత్రమే చెప్పుచున్నారా? స్థలము దొరకినచో నచట పలుకువాఁడు కవియా, పాత్రయా? పూర్వోత్తరసందర్భముతో నర్థము కుదురుచున్నదా? ఈ ప్రశ్నలు మన పండితులు ప్రక్షిప్తశ్లోకములయెడ, శ్రీనాథుని పేర తిరుగు చాటువులయెడ, మకుటమొక్కటియే యాధారముగా వేమనకు చేర్పఁబడిన పద్యములయెడ చిరకాలముగా వేయుచున్నవే. తెలుఁగు ప్రాగ్దేశపు టిటాలియను భాషయని 15వ శతాబ్దపు వెనీసు యాత్రికుఁడు నికోలో దె కాంతి శ్లాఘించెనని భాషాసభలలో చెప్పుట పరిపాటి. కాంతి తన యాత్రావృత్తాంతమును తాను వ్రాయలేదు. పోజ్జియో అను పండితుఁ డాతని నోట విని లాటినుభాషలో వ్రాసెను. కావున నా శ్లాఘ కాంతిదనువారు పోజ్జియో గ్రంథమున స్థలము చూపవలెను. చూపనంతవఱకు నది యుదాహరణము కాదు, వదంతి. తెలుఁగు మాధుర్యమునకు వదంతి సాక్ష్యముతో పనిలేదు.

రాజకీయవక్తలు తమ యుపన్యాసములను తీరికలేక యితరులచే వ్రాయించుకొనువారు. వ్రాయువారు చేతికి దొరకిన సూక్తిసంకలనములను నమ్మువారు. సంకలనకర్తలు వెనుకటి సంకలనములను నమ్మినవారు. ఈ గొలుసున నెక్కడనో యొకచోట మూలమును విప్పి చూచువాఁ డుండవలెను. ఆ స్థానము పాఠశాల పండితునిది. ప్రార్థనాసమయమున నల్లబల్లమీఁద వ్రాయు దినసూక్తి క్రింద కర్త పేరుతోపాటు గ్రంథము పేరును, స్థలమును వ్రాయు నియమము పెట్టుకొన్నచో, ఆకరము దొరకని సూక్తి తనంతట తానే తొలఁగిపోవును. అది మిక్కిలి మంచిదై విడువ మనసొప్పనిచో, కర్త తెలియదని వ్రాయవచ్చును. అట్లు చదివిన బాలుఁడు రేపు సభలో కూర్చుండి, మహాపురుషుని పేరు వినఁబడఁగానే చప్పట్లకు ముందు "ఇది యెచట నున్నది?" యని తనలోనైనను ననుకొనును. శాస్త్రసభలోని ప్రతివాదిని రాజకీయసభకు మరల తెచ్చుట కదియే మార్గము.